యాప్ ఇవ్వని సౌకర్యాలు, రాతలో దొరికే ఉపాయాలు

నోట్సు రాసుకునే సాఫ్ట్‌వేర్ వాడేవారిలో చాలామందికి రాయడం దగ్గర పెద్దగా చిక్కు ఉండదు. రాసినదాన్ని అవసరమైన రోజున తిరిగి పట్టుకోవడం దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. గూగుల్ కీప్, మైక్రోసాఫ్ట్ వన్‌నోట్, ఎవర్‌నోట్, నోషన్, అబ్సిడియన్ వంటి యాప్‌లలో ఏదో ఒకదానిలో కొన్నేళ్లుగా రాస్తూ వచ్చిన వ్యక్తికి, కావలసిన నోటు సమయానికి కనబడకపోతే ముందుగా యాప్ మీదే అనుమానం కలుగుతుంది. అందులో ఫోల్డర్లు లేవనో, ఒక నోటునుంచి మరో నోటుకు లంకె వేసే వీలు లేదనో, తెలుగు పదాలను సరిగా వెతకడం లేదనో తేల్చుకుని, అంతకంటే మంచిదని విన్న మరో యాప్‌కు మారతారు. మారిన కొన్నాళ్లకు అక్కడా ఏదో ఒక లోటు బయటపడుతుంది, పాత నోట్లు సగం అక్కడా సగం ఇక్కడా ఉండిపోయి మొదటికే మోసం వస్తుంది. అన్ని సౌకర్యాలూ ఉన్న యాప్ కోసం వెతకడానికి పెట్టే సమయంలో సగమైనా, చేతిలో ఉన్న యాప్‌లో రాసే తీరును సరిదిద్దుకోవడానికి పెడితే చాలదా?

చాలావరకు చాలుతుంది. యాప్ ఇవ్వని సౌకర్యాలలో ఎక్కువ భాగాన్ని శీర్షిక, తేదీ, సంఖ్య, చివర ఒక అదనపు వరుస వంటి సాదా అక్షరాలతోనే కల్పించుకోవచ్చు. అలా కల్పించుకున్నది యాప్ మారినా నోటుతోపాటే వస్తుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ (1927–1998) దాదాపు 90,000 కాగితపు చీటీలను చెక్క అరల్లో దాచి, ప్రతి చీటీకి ఒక సంఖ్య ఇచ్చి, దానికి సంబంధమున్న ఇతర చీటీల సంఖ్యలను దానిమీదే రాసుకుంటూ జీవితమంతా పుస్తకాలు రాశారు. వెతుకు బటన్ లేని అరలతో అంత పని సాగినప్పుడు, ఎంత సాధారణమైన యాప్‌తోనైనా పని జరగడానికి అవకాశం ఉందని నమ్మవచ్చు.

1. లోటును ముందుగా ఒక వాక్యంగా రాసుకోవాలి.

"యాప్ బాగాలేదు" అనే మాటతో ఏ పరిష్కారమూ దొరకదు. "అమ్మకు డాక్టరు మార్చిన బీపీ మాత్ర పేరు వెతికితే దొరకలేదు" అని రాసుకుంటే ఆ లోటు వెతుకులాటదని తెలుస్తుంది. "ఊళ్లో సిగ్నల్ లేనప్పుడు పొలం పాస్‌బుక్ వివరాల నోటు తెరుచుకోలేదు" అని రాసుకుంటే అది నెట్ లేనప్పటి అందుబాటుకు సంబంధించినదని తెలుస్తుంది. ఒక వారంపాటు ఇలాంటి వాక్యాలను ఒకే నోటులో పోగుచేస్తే, పది ఫిర్యాదులుగా తోచినవి రెండు మూడు లోట్ల కిందికే వస్తాయి.

ఆ తరువాత, లేదనుకున్న సౌకర్యం నిజంగా లేదో, ఉన్నా తెలియలేదో చూసుకోవాలి. వన్‌నోట్ విండోస్ డెస్క్‌టాప్ రూపంలో రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య పేజీ పేరు రాస్తే ఆ పేజీకి లంకె తనంతట తానే ఏర్పడుతుంది. గూగుల్ కీప్‌లో నోటుకు జతచేసిన ఫొటోలోని అక్షరాలను పాఠ్యంగా బయటికి తీసే ఐచ్ఛికం ఉంది. అబ్సిడియన్‌లో ఒకే నోటుకు అనేక మారుపేర్లు ఇవ్వవచ్చు. ఇవి ఉన్నాయని తెలియక యాప్ మార్చినవారు తక్కువేమీ కాదు.

2. శీర్షికలో తేదీ ముందు, నామవాచకం వెనుక ఉండాలి.

నోటుకు శీర్షిక పెట్టకపోవడం అన్నిటికంటే సాధారణమైన పొరపాటు, "ముఖ్యం", "చూడాలి", "మీటింగ్" వంటి శీర్షికలు పెట్టడం దాని తరువాతిది. ఆరు నెలల తరువాత "మీటింగ్" అనే పేరుతో ఉన్న నలభై నోట్లలో కావలసినది ఏదో ఎవరు చెప్పగలరు? "2025-03-14 అపార్ట్‌మెంట్ సంఘం – బోరు మరమ్మతు ఖర్చు" అన్న శీర్షికను తెరవకుండానే గుర్తుపట్టవచ్చు.

తేదీని సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో అంకెలతో రాయడానికి కారణం ఉంది. చాలా యాప్‌లు శీర్షికలను అక్షరక్రమంలో అమర్చగలవు గాని వాటికి నెలల క్రమం తెలియదు. నెలలను పేర్లతో రాస్తే అక్టోబరు మొదట, ఆగస్టు దాని తరువాత, ఏప్రిల్ మూడోదిగా, జనవరి నాలుగోదిగా వస్తాయి. అంకెల పద్ధతిలో అక్షరక్రమమే కాలక్రమం అవుతుంది కాబట్టి, తేదీలవారీగా చూపే సౌకర్యం యాప్‌లో లేకపోయినా ఆ లోటు తెలియదు. ఒకటి నుంచి తొమ్మిది వరకు సంఖ్యలను 01, 02 అని సున్నతో రాయడం కూడా ఇందుకే. లేకపోతే కొన్ని యాప్‌లలో 2 కంటే ముందు 10 వచ్చి కూర్చుంటుంది.

3. తెలుగులో రాసేవారు తమ యాప్ ఎలా వెతుకుతుందో పరీక్షించి తెలుసుకోవాలి.

ఈ సూచన మీద కొంత ఎక్కువసేపు నిలవడం అవసరం, ఎందుకంటే తెలుగు నోట్లు కనబడకపోవడానికి చాలా సందర్భాల్లో కారణం ఇక్కడే ఉంటుంది. యాప్‌లు వెతికే తీరు ప్రధానంగా మూడు రకాలు: పూర్తి పదం సరిపోలితేనే చూపేవి, పదం మొదటి భాగం సరిపోలినా చూపేవి, పదంలో ఏ భాగం సరిపోలినా చూపేవి. ఇంగ్లిషులో ఈ తేడా అంతగా బాధించదు. తెలుగులో విభక్తులు, బహువచన ప్రత్యయాలు పదానికే అతుక్కుంటాయి, సంధి వల్ల రెండు పదాలు ఒకటైపోతాయి. అందువల్ల ఒకే మాట నోట్లలో పది రూపాల్లో ఉంటుంది.

పరీక్ష సులభం. ఒక కొత్త నోటులో "పుస్తకానికి", "చెరువుగట్టు" అనే రెండు పదాలు రాసి, వెతుకు పెట్టెలో మొదట "గట్టు" అని, తరువాత "పుస్తక" అని కొట్టి చూడాలి. "గట్టు"కు నోటు కనబడితే ఆ యాప్ పదంలో ఏ భాగాన్నైనా పట్టుకోగలదు. "గట్టు"కు కనబడక "పుస్తక"కు కనబడితే అది పదం మొదటి భాగాన్ని మాత్రమే చూస్తుంది. రెండింటికీ కనబడకపోతే పూర్తి పదం కావాలి. అప్పుడు నోటు రాసే పద్ధతిలోనే మార్పు తప్పదు, ఆ మార్పు నాలుగో సూచనలో ఉంది.

పదంలో కొంత భాగం సరిపోలినా చూపే రెండు రకాల యాప్‌లలో చివరి అక్షరాన్నో గుర్తునో వదిలేసి వెతకడం అలవాటు చేసుకోవాలి. "పుస్తకం" అని వెతికితే "పుస్తకాలు", "పుస్తకాన్ని", "పుస్తకానికి" దొరకవు. "పుస్తక" అని వెతికితే అన్నీ దొరుకుతాయి. అయితే కొన్ని మాటల మూలరూపమే మారిపోతుంది. ఇల్లు, ఇంటికి, ఇళ్లు అనే మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది మొదటి "ఇ" ఒక్కటే. నీరు, నీటి, నీళ్లు కూడా అటువంటివే. ఇటువంటి మాటలకు రెండు మూడు రూపాలతో విడివిడిగా వెతకాల్సిందే. క్రియలతో చిక్కు ఇంకా ఎక్కువ: వచ్చాడు, వస్తాడు, రాలేదు అనేవి ఒకే క్రియకు రూపాలైనా, వాటిని కలిపి చూడటం ఈ యాప్‌లలోని సాదా వెతుకులాటకు చేతకాదు. శీర్షికలో నామవాచకం ఉండాలని చెప్పడానికి ఇదే ముఖ్యమైన కారణం. "మునిసిపాలిటీ వాళ్లు మళ్లీ రాలేదు" అన్నదానికంటే "మునిసిపాలిటీ – డ్రైనేజీ ఫిర్యాదు" అన్నది సులువుగా దొరుకుతుంది.

ఇక వర్ణక్రమం. "ఫైల్" అని ఒకచోట, "ఫైలు" అని మరోచోట, "రిజిస్ట్రేషన్" అని ఒకసారి, "రిజిస్ట్రేషను" అని ఇంకోసారి రాసే అలవాటు అందరికీ ఉంటుంది; తరచుగా వాడే మాటలకు ఒకే వర్ణక్రమాన్ని నిర్ణయించుకుని దానికే కట్టుబడితే ఈ బాధ తీరుతుంది. కంటికి కనబడని చిక్కు మరొకటి ఉంది. "సాఫ్ట్‌వేర్" అనే మాటలో పొల్లు టకారం తరువాత, వకారం ఒత్తుగా కిందికి దిగకుండా ఆపడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును చేరుస్తారు. దానికి వెడల్పు లేదు గనుక తెరమీద కనబడదు గాని, కంప్యూటర్ లెక్కలో అది ఒక అక్షరమే. కొన్ని కీబోర్డులు ఆ గుర్తును చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఫోనులో రాసిన మాట ల్యాప్‌టాప్‌లో వెతికితే దొరకకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఇటువంటి మాటలను పూర్తిగా కొట్టకుండా "సాఫ్ట్" వరకే కొట్టి వెతకడం మేలు.

పత్రికలు, డీటీపీ కేంద్రాలు చాలాకాలంగా వాడుతున్న అను ఫాంట్లలోని పాఠ్యాన్ని యథాతథంగా నోటులోకి అతికించడం కూడా పొరపాటే. ఆ ఫాంట్లు యూనికోడ్‌కు, అంటే ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ విడివిడి సంఖ్యలు కేటాయించిన ప్రమాణానికి, కట్టుబడినవి కావు. అతికించగానే అర్థంకాని గుర్తుల వరుస కనబడుతుంది, దాన్ని ఏ యాప్ వెతకలేదు. మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి మార్చి, మారిన పాఠ్యాన్ని ఒకసారి చదివి సరిచూసుకున్నాకే దాచుకోవాలి.

4. ప్రతి ముఖ్యమైన నోటు చివర "వెతుకు" అనే వరుస చేర్చాలి.

నోటు రాసేటప్పుడు వాడిన మాటలు వేరు, దాన్ని వెతికేటప్పుడు తోచే మాటలు వేరు. గ్రూప్-1 పరీక్షకు చదువుతున్న ఒక అభ్యర్థి రాజ్యాంగం మీద నోట్సు తయారుచేసుకుంటున్నట్టు అనుకుంటే, ఆ నోటు ఇలా ఉండవచ్చు:

పంచాయతీరాజ్ – 73వ రాజ్యాంగ సవరణ
1992లో చట్టం, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలు. రాజ్యాంగంలో 9వ భాగం, 243వ అధికరణం నుంచి. 11వ షెడ్యూలులో 29 అంశాలు.
వెతుకు: 73 సవరణ, డెబ్బై మూడో, పంచాయతి, పంచాయితీ, స్థానిక సంస్థలు, గ్రామ పంచాయతీ, అధికరణం 243

చివరి వరుసలో కొత్త విషయం ఏదీ లేదు. అంకె గుర్తున్నవారు అంకెతో, మాట గుర్తున్నవారు మాటతో, "పంచాయితీ" అని రాసే అలవాటున్నవారు ఆ రూపంతో వెతికినా ఇదే నోటు చేతికి వస్తుంది. పూర్తి పదం సరిపోలితే తప్ప చూపని యాప్‌లో ఈ వరుస తప్పనిసరి. ఏ మాటలు చేర్చాలో తోచకపోతే, ఈ నోటును స్నేహితుడు అడిగితే ఏ మాటతో అడుగుతాడో ఊహించుకుంటే చాలు. ప్రతి చిన్న నోటుకూ ఇది అక్కర్లేదు. కూరగాయల జాబితాకు "వెతుకు" వరుస పెట్టడం శ్రమే అవుతుంది.

ట్యాగ్ లేదా లేబుల్ అంటే నోట్లను గుంపులుగా చూపడానికి తగిలించే చిన్న పేరు. విషయానికో ట్యాగ్ చొప్పున పెట్టుకుంటూ పోతే కొద్దికాలంలోనే వాటి జాబితా అదుపు తప్పుతుంది; గూగుల్ కీప్‌లో అయితే లేబుళ్ల సంఖ్యకు పరిమితి కూడా ఉంది. విషయాలను "వెతుకు" వరుసకు వదిలేసి, "ఈ వారం", "చెల్లించాలి", "మళ్లీ చదవాలి" వంటి పనులకు మాత్రమే లేబుళ్లు వాడితే ఆ పరిమితి ఎన్నడూ అడ్డురాదు.

5. లంకెలు లేని యాప్‌లో "చూ." గుర్తుతో లంకె వేయాలి.

నోట్లను ఒకదానితో ఒకటి ముడివేయడం కొన్ని యాప్‌లలో ముఖ్యమైన సౌకర్యం. ఒక నోటును ఏయే నోట్లు ప్రస్తావించాయో వెనక్కి చూపడాన్ని బ్యాక్‌లింక్ అంటారు. అబ్సిడియన్‌లో ఇది సహజంగా ఉంది. గూగుల్ కీప్‌లో లేదు, వన్‌నోట్‌లో ముందుకు వెళ్లే లంకె ఉంది గాని వెనక్కి చూపేది లేదు. ఇది లేదని బాధపడేవారికి తెలుగు నిఘంటువులే దారి చూపుతాయి: ఒక పదం దగ్గర "చూ." (చూడండి) అని రాసి మరో పదాన్ని సూచించే పద్ధతి వాటిలో ఎప్పటినుంచో ఉంది.

ఆ పద్ధతిని నోట్లకు తెచ్చుకోవడానికి, ప్రతి ముఖ్యమైన నోటు శీర్షికలో ఒక అక్షరం, ఒక సంఖ్య కలిపిన చిన్న గుర్తు ఉంచాలి. పైన చెప్పిన అభ్యర్థి 73వ సవరణ నోటుకు "ప12" అని, 1957 నాటి బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ నోటుకు "ప07" అని గుర్తులు ఇచ్చి, మొదటి నోటులో "చూ. ప07 – మూడంచెల వ్యవస్థ సిఫారసు ఇక్కడినుంచే" అని రాసుకోవచ్చు. ఇక ఎప్పుడైనా "ప07" అని వెతికితే ఆ కమిటీ నోటుతోపాటు, దాన్ని ప్రస్తావించిన నోట్లన్నీ ఒకేచోట వరుసగా కనబడతాయి. బ్యాక్‌లింక్ చేసే పని ఇంతకంటే వేరే ఏముంది?

ఇక్కడ జాగ్రత్తపడవలసినది ఒకటుంది. గుర్తు ఒక్కటే రాసి, ఎందుకు చూడాలో రాయకపోతే కొన్నాళ్లకు ఆ లంకెకు అర్థం మిగలదు. కారణాన్ని నాలుగు మాటల్లోనైనా చెప్పలేకపోతే ఆ లంకె అవసరమైనది కాదని గ్రహించి వదిలేయవచ్చు. గుర్తులు పెరిగాక వాటన్నిటినీ ఒక విషయసూచిక నోటులో వరుసగా రాసి, ఆ నోటును పైన అతికి ఉండేలా పిన్ చేసుకుంటే ఫోల్డర్లు లేని లోటు కూడా చాలావరకు తీరుతుంది.

6. ఫొటోకు, ఆడియోకు రెండు వరుసల మాటలు తోడుగా ఉండాలి.

తరగతిలో బోర్డును, బ్యాంకు రసీదును, డాక్టరు చీటీని ఫొటో తీసి నోటులో పడేస్తే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. అచ్చు తెలుగును చదివే సాధనాలు బాగానే మెరుగుపడ్డాయి గాని, చేతిరాతను, అందులోనూ డాక్టరు చేతిరాతను, వాటి మీద వదిలేయడం క్షేమం కాదు. ఫొటో కింద అది ఏమిటో, ఎవరిదో, ఎంత మొత్తమో అక్కడికక్కడే రాయాలి. నోటితో చెప్పి టైపు చేయించినవారు అదే రోజు ఒకసారి చదివి, పేర్లను, అంకెలను సరిచూసుకోవాలి; మరునాటికి ఏది తప్పో గుర్తుపట్టడం కష్టం.

7. నెట్ లేనప్పుడు ఏం జరుగుతుందో ముందే చూసుకోవాలి.

నోషన్‌లో నెట్ లేకుండా పనిచేసే సౌకర్యం 2025 ఆగస్టులో గాని రాలేదు. అంతవరకు దాన్ని నమ్ముకున్నవారు ప్రయాణాల్లో ఇబ్బంది పడ్డారు. ఏ యాప్ అయినా ఫోనును ఒకసారి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, పాత నోటు తెరవడం, కొత్త నోటు రాయడం సాగుతున్నాయో లేదో చూస్తే విషయం తేలిపోతుంది. సింక్, అంటే ఫోనులోను కంప్యూటర్‌లోను ఉన్న నోట్లను ఒకటిగా ఉంచే ప్రక్రియ, పూర్తికాకముందే ఒకే నోటును రెండుచోట్లా దిద్దితే రెండు ప్రతులు ఏర్పడవచ్చు, ఒకదాని మార్పులు పోనూవచ్చు. బయట తిరిగేటప్పుడు పాత నోట్లను దిద్దకుండా కొత్త నోటులోనే రాసి, ఇంటికి వచ్చాక కలుపుకోవడం సురక్షితం.

8. బయటికి వచ్చే దారిని యాప్‌లోకి అడుగుపెట్టిన రోజే చూసుకోవాలి.

గూగుల్ నోట్‌బుక్ అనే సేవ 2012లో మూతపడింది. ఎవర్‌నోట్‌ను ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ సంస్థ కొన్న తరువాత, 2023 డిసెంబరులో ఉచిత ఖాతాకు 50 నోట్లు, ఒక్క నోట్‌బుక్ అనే పరిమితి పెట్టింది. విండోస్ 10 కోసం ప్రత్యేకంగా ఇచ్చిన వన్‌నోట్ యాప్‌కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. సంస్థలు తమ అవసరాన్ని బట్టి నిర్ణయాలు తీసుకుంటాయి. నోట్లు మాత్రం రాసుకున్నవారివి. అవి రాసుకున్నవారి చేతిలో ఉండాలంటే ఎక్స్‌పోర్ట్, అంటే నోట్లన్నిటినీ యాప్ బయట ఫైళ్లుగా దించుకోవడం, తెలిసి ఉండాలి.

గూగుల్ కీప్ నోట్లను గూగుల్ టేకౌట్ ద్వారా దించుకోవచ్చు. నోషన్ మార్క్‌డౌన్ రూపంలో ఇస్తుంది. మార్క్‌డౌన్ అంటే శీర్షికలను, జాబితాలను సాదా గుర్తులతో సూచించే పద్ధతి, 2004లో జాన్ గ్రూబర్ రూపొందించినది, ఏ సాధారణ ఎడిటర్‌లోనైనా తెరుచుకునేది. అబ్సిడియన్ నోట్లు మొదటినుంచీ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లో మార్క్‌డౌన్ ఫైళ్లుగానే ఉంటాయి కాబట్టి ఆ ఫోల్డర్‌కు నకలు తీసుకుంటే సరిపోతుంది. ఎవర్‌నోట్ తన సొంత రూపంలో ఇచ్చే ఫైలును జాప్లిన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చదవగలదు.

దించుకున్నంత మాత్రాన సరిపోదు, తెరిచి చూడాలి. మూడు నెలలకోసారి నోట్లను దించి, ఆ యాప్ లేని మరో కంప్యూటర్‌లో తెరిచి, తెలుగు అక్షరాలు సరిగా ఉన్నాయో, ఫొటోలు కూడా వచ్చాయో, "చూ." గుర్తులతో వెతికితే నోట్లు దొరుకుతున్నాయో చూడాలి. ఈ పరీక్షలో తెలుగువారికి తరచుగా ఎదురయ్యే కంగారు ఒకటుంది: పట్టికలుగా దించిన సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు తెలుగంతా గజిబిజి గుర్తులుగా కనబడుతుంది, నోట్లన్నీ పాడైపోయాయని అనిపిస్తుంది. చాలా సందర్భాల్లో ఏమీ పాడై ఉండదు. ఆ ఫైలు యూటీఎఫ్-8 అనే పద్ధతిలో రాసి ఉందని ఎక్సెల్ గుర్తించకపోవడమే కారణం. ఫైలును సేవ్ చేయకుండా మూసివేసి, ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుంటూ యూటీఎఫ్-8 ఎంచుకుంటే అక్షరాలు యథాస్థానంలోకి వస్తాయి.